ఉచితమైన దానికి చందా అడగడం: విశాఖలో మా అనుభవం

మేము కొందరం కలిసి విశాఖపట్నం నుంచి ఒక తెలుగు కీబోర్డునూ, దానికి తోడుగా అక్షరదోషాలు పట్టే సాధనాన్నీ నిర్వహిస్తున్నాం. సోర్సు కోడు అందరికీ తెరిచే ఉంటుంది; వాడుకునేవారు పైసా చెల్లించనక్కరలేదు; పనిచేసేవారికి జీతం లేదు. మధురవాడలో ఐటీ ఉద్యోగాలు చేసేవారు, ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థులు, ఒక తెలుగు అధ్యాపకురాలు, ఉక్కు కర్మాగారం అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా బృందంలో ఉన్నారు. సర్వరు అద్దె, డొమైన్ రుసుము చాలాకాలం మా జేబుల్లోంచే కట్టుకున్నాం. బయటివారిని డబ్బు అడగవలసిన అవసరం 2023లో వచ్చింది.

ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం చుట్టుపక్కల ఉన్న డీటీపీ దుకాణాలవారు మా కీబోర్డును ఇన్‌స్టాల్ చేయబోతే, ఇది ఎవరు తయారుచేశారో తెలియదు, నడిపితే ప్రమాదం కావచ్చునంటూ విండోస్ ఒక నీలం తెర అడ్డం పెట్టేది. చాలామంది వైరస్ అనుకొని అక్కడే ఆపేసేవారు. తయారుచేసినవారి పేరు కనబడాలంటే ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం ఉండాలి, దానికి సర్టిఫికెట్ కొనాలి. పైగా 2023 జూన్ 1 నుంచి ఆ సంతకం చేయడానికి వాడే రహస్య తాళంచెవిని (డిజిటల్ కీ) ప్రత్యేకమైన హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, అంతటి భద్రత ఉన్న మరో పరికరంలోనో దాచాలని సర్టిఫికెట్లు జారీచేసే సంస్థలు నియమం పెట్టుకున్నాయి కనుక ఖర్చు మరింత పెరిగింది. ఐఫోన్‌లో కూడా కీబోర్డు కావాలని అడిగేవారు ఉన్నారు. యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లే కాస్త నయం, 25 డాలర్లు ఒక్కసారి కడితే సరిపోతుంది.

చందా అడుగుదామని అందరం ఒప్పుకున్నాక తేలని ప్రశ్న ఒకటే: డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? నా యూపీఐ క్యూఆర్ కోడు పెట్టేస్తే ఆ సాయంత్రమే పని మొదలయ్యేది. మా పెద్దాయన ససేమిరా అన్నారు. బంధువులు కానివారి నుంచి ఒక వ్యక్తికి ఏడాదిలో 50,000 రూపాయలు మించి ముడితే ఆ మొత్తమంతా అతని ఆదాయంగానే లెక్కకు వస్తుందని, అంతకుమించి పదిమంది సొమ్ము ఒకరి ఇంటి ఖర్చుల ఖాతాలో కలిస్తే రేపు లెక్క చెప్పినా నమ్మేవారుండరని ఆయన వాదన. విరాళాల గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చినది లేదు. సర్టిఫికెట్ కూడా సంస్థ పేరుతోనే కావాలనుకున్నాం కనుక సొసైటీ నమోదుకు పూనుకున్నాం.

2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సభ్యులకు కొదవ లేదు గాని, ఆశయాలు రాయడం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. పేదలకు సహాయం, విద్య, వైద్యం, పర్యావరణం వంటివి ఆదాయపు పన్ను చట్టంలో ధర్మకార్యాలుగా విడివిడిగా పేర్కొని ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాటిలో లేదు. మేము చివరి కోవలోకి, అంటే సాధారణ ప్రజాప్రయోజనం కిందికి వస్తామని ఆడిటరు గారు తేల్చారు. ఆ కోవకు ఒక షరతు ఉంది: రుసుము తీసుకొని చేసే పనుల రాబడి సంస్థ మొత్తం రాబడిలో 20 శాతం మించకూడదు. ఒక ప్రచురణకర్త తమ పత్రికకు తగినట్టు అక్షరదోష సాధనాన్ని మార్చి ఇస్తే డబ్బిస్తామన్నప్పుడు, ఆ మొత్తాన్ని చందా పుస్తకంలో రాయకుండా వేరే పద్దులో చూపింది ఇందుకే.

నమోదు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎబి (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. తిరుగుడు తప్పదు గాని అందులో చెప్పుకోదగ్గ విశేషం లేదు. 80జి మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోనక్కరలేదు. దాత ఇచ్చిన దానిలో సగానికే, అదీ ఆదాయంలో ఒక పరిమితి మేరకే మినహాయింపు. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే అదీ లేదు. కొత్త పన్ను విధానంలోకి మారిన ఉద్యోగులకు అసలే వర్తించదు. మాకు చందా ఇచ్చినవారిలో పన్ను గురించి అడిగినవారు తక్కువ.

అడిగే పద్ధతి కుదరడానికి సమయం పట్టింది. ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మా సభ్యుడొకరు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కథ చెప్పారు. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి, లెక్కలేనన్ని వెబ్‌సైట్లకు రక్షణగా ఉన్న ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని నిర్వాహకులే వెల్లడించారు. విద్యార్థులు శ్రద్ధగా విన్నారు, చప్పట్లు కొట్టారు, చందా మాత్రం రాలేదు. అదే వారం నేనూ మా పెద్దాయనా ద్వారకానగర్‌లో ఒక డీటీపీ దుకాణానికి వెళ్ళాం. పెళ్ళి శుభలేఖకు ప్రూఫు తీస్తున్న యజమాని తల ఎత్తకుండానే అన్నారు.

"ఫ్రీ అని మీరే చెప్పారు కదండీ మేస్టారూ, మళ్ళీ ఈ డబ్బులేటి?"

"వాడుకోవడానికి ఇప్పటికీ ఫ్రీయేనండీ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నీలం తెర వస్తోంది కదా, అందులో మా పేరు కనబడాలంటే సర్టిఫికెట్ కొనాలి. దానికి అడుగుతున్నాం."

"ఆ తెర చూసి మా కుర్రోడు సిస్టం ఆపేసి పారిపోయాడండీ. అలాగని ముందే చెప్పొచ్చు కదా," అని ఫోను తీసి ఐదువందల పదహార్లు పంపారు. పెద్దాయన అక్కడికక్కడే రసీదు రాసి చేతికిచ్చారు. దాన్ని దుకాణం యజమాని లక్ష్మీదేవి పటం కింద మేకుకు గుచ్చారు. పక్క దుకాణం వారు ఆ రసీదు చూసే మమ్మల్ని పిలిచారు. అప్పటివరకు మా చెల్లింపు పేజీలో వంద, ఐదువందలు, వెయ్యి అని మీటలుండేవి. వాటిని 116, 516, 1,116గా మార్చాం. పైన ఉద్యమానికి చేయూతనివ్వండి అన్న వాక్యం తీసేసి, ఈ ఏడాది కొనవలసిన వస్తువుల పట్టీ, ఒక్కొక్కదాని ధర, ఇప్పటికి జమ అయిన మొత్తం పెట్టాం. సర్టిఫికెట్ కొన్నాక దాని బిల్లును కూడా అక్కడే ఉంచాం. సంతకం చేసినా విండోస్ వెంటనే నమ్మదు, ఎక్కువమంది దించుకునేదాకా హెచ్చరిక కొంతకాలం కనిపిస్తూనే ఉంటుంది. ఆ సంగతి కూడా పట్టీ కిందనే రాశాం. లేకపోతే డబ్బిచ్చినవారే ముందుగా నిలదీస్తారు.

కంపెనీల దగ్గర ఈ మార్గం నడవలేదు. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నియమం ఉన్నమాట నిజమే. మేము కలిసిన ఒక అధికారి మర్యాదగానే మాట్లాడి, సీఎస్ఆర్-1 నమోదు (ఆ సామాజిక బాధ్యత సొమ్ము తీసుకునే సంస్థలు చేయించుకోవలసినది) ఉందా, మూడేళ్ళ పని చరిత్ర ఉందా, లబ్ధిదారుల ఫొటోలు ఉన్నాయా అని అడిగారు. మొదటి రెండూ న్యాయమైన ప్రశ్నలే. కీబోర్డు వాడుతున్న మనిషి ఫొటో తీసి ఎవరికి చూపించాలో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒక కోచింగ్ సెంటరు వారైతే కీబోర్డు తెరవగానే తమ ప్రకటన కనబడాలన్నారు. దాత పేరు కృతజ్ఞతగా రాస్తే జీఎస్టీ ఉండదని, ప్రచారం చేసిపెడితే అది సేవ అవుతుందని 2019 అక్టోబరు నాటి సర్క్యులర్ చూపించి ఆడిటరు గారు వద్దన్నారు. పన్ను లేకపోయినా మేము ఒప్పుకునేవాళ్ళం కాదు.

ఎన్నారైల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు విదేశంలో సంపాదించుకున్న సొంత డబ్బును మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారికి ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. దానికి నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. మాకు అంత శక్తి లేదు. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో అమెరికా పౌరుడైన అన్నగారు పంపుతానంటే వద్దని చెప్పి, ఇంకా భారత పౌరుడిగానే హెచ్1బీ వీసా మీద ఉన్న తమ్ముడి విరాళానికి రసీదు ఇచ్చాం. అన్నగారు కొంచెం నొచ్చుకున్నారు. ప్రస్తుతం మా కోడు పరిశీలనలో ఎక్కువ భాగం ఆయనే చేస్తున్నారు. అప్పటినుంచి చెల్లింపు మీటకు ముందు పౌరసత్వం ఏ దేశమన్న ప్రశ్న చేర్చాం.

2024 అక్టోబరులో షేర్ల లావాదేవీల సంస్థ జెరోధా ఏడాదికి పది లక్షల డాలర్లతో ఓపెన్ సోర్స్ నిధిని ప్రకటించినప్పుడు కొత్త సభ్యులు ఉత్సాహపడ్డారు. అందులో అతి చిన్న సహాయమే 10,000 డాలర్లు. అంత సొమ్ము ఏంచేసుకోవాలో మాకు తెలియదు కనుక దరఖాస్తు పెట్టలేదు. కాని ఆ నిధి కోరే ఫైలులో సంస్థ వివరాలు, ఖర్చు ప్రణాళికలు, గత సంవత్సరాల జమాఖర్చులు ఒకేచోట రాయాలి. దాన్ని నింపి సోర్సు కోడుతోపాటే ఉంచాం.

ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా నిర్ణీత పత్రంలో (మేము నింపినది 10బీడీ) దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఇస్తేనే, మినహాయింపు కోరడానికి వారికి కావలసిన ధ్రువపత్రం అందుతుంది. అందుకు దాతల పాన్, ఆధార్ వంటి గుర్తింపు నంబరు కావాలి. తెలియని నంబరు నుంచి ఫోను చేసి పాన్ చెప్పండి అంటే ఈ రోజుల్లో ఎవరు చెబుతారు? సైబర్ మోసగాళ్ళనుకొని పెట్టేసినవారున్నారు, గట్టిగా మందలించినవారూ ఉన్నారు. ఇప్పుడు రసీదు పుస్తకంలోనే పాన్ గడి వేయించి, మినహాయింపు కోరేవారు చెల్లించేటప్పుడే నింపేలా ఏర్పాటు చేశాం. పాత దాతల కోసం పెద్దాయన తానే దుకాణాలు తిరుగుతూ నంబర్లు రాసుకొస్తున్నారు.