అనంతపురం నుంచి తొలి కాంట్రాక్టు దాకా: ఒక మిడ్‌ఫీల్డర్ అనుభవం

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ చలవతో, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మా పల్లెల పిల్లలు కూడా బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ మైదానంలోకి దిగారు. నేనూ అలా వచ్చినవాడినే. ఇప్పుడొక ప్రొఫెషనల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. ఈ దారిలోకి రావాలనుకునే తమ్ముళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే కష్టమైనది బెంగళూరులో జరిగిన సెలెక్షన్ ట్రయల్స్. ముఖపరిచయం లేని కుర్రాళ్లను రెండు జట్లుగా విడదీసి, జట్టు గుర్తుగా చొక్కా మీద తొడుక్కునే రంగు బిబ్బులిచ్చి, కాసేపు ఆడిస్తారు. గోలు కొట్టిన స్ట్రైకరూ, ఇద్దరిని తప్పించుకుని దూసుకుపోయిన వింగరూ వెంటనే కంట్లో పడతారు. బంతి అందుకుని, దాన్ని సరైన మనిషికి సరైన కాలికి అందించి, మళ్లీ ఖాళీలోకి జరిగే మిడ్‌ఫీల్డర్ పనితనం మాత్రం ఆట లోతు తెలిసినవాళ్లకే కనబడుతుంది. పైగా ఎవరి తాపత్రయం వారిది కాబట్టి పాస్ ఇచ్చేవాడే ఉండడు.

తొలి ట్రయల్స్‌లో ఎంపిక కాకుండా తిరిగొచ్చినప్పుడు మా కోచ్ సార్, "బంతి వచ్చినాక చూస్తే ఏం లాభం అబ్బీ, రాకముందే రెండు భుజాల మీంచీ ఎనక్కి చూడాల" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన నా వెనక నిలబడి చేతివేళ్లు ఎత్తేవారు. పాస్ నా వైపు వస్తుండగానే నేను వెనక్కి చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పి, ఆ తర్వాతే బంతిని తాకాలి. మొదట్లో బంతి కాలికింద నుంచి జారిపోయేది. అలవాటయ్యాక మాత్రం, బంతి అందేలోపే ఒళ్లు సగం తిప్పి నిలబడి ఫస్ట్ టచ్‌తోనే ముందుకు సాగడం వచ్చింది. పేరు తెలియని సహచరులను బిబ్ నంబరుతో పిలిచి "వెనక మనిషున్నాడు", "టైముంది" అని చెప్పడమూ నేర్చుకున్నాను. నన్ను ఎంచుకున్న కోచ్ మొట్టమొదట మెచ్చుకున్నది ఆ మాటలనే.

వయసు నిర్ధారణకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే, గుండెకు ఈసీజీ, ఎకో తీయడం త్వరగానే ముగిసింది, కాగితాలే ముగియలేదు. నా ఇంటిపేరు పదో తరగతి మెమోలో పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంది, జనన ధ్రువీకరణ పత్రంలో అసలు లేదు. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆన్‌లైన్ నమోదుకు అన్నీ ఒకేలా ఉండాలని క్లబ్బువారు చెప్పడంతో, సరిగ్గా వేరుశనగ విత్తే అదునులో నాయన చేను వదిలి గ్రామ సచివాలయం చుట్టూ తిరిగారు. పిల్లవాడు పదో తరగతిలో ఉండగానే ఈ పని చక్కబెట్టుకోవడం మంచిది.

నాకప్పటికి 18 ఏళ్లు నిండలేదు కాబట్టి కాంట్రాక్టు మీద నాయన కూడా సంతకం చేశారు. ఫిఫా నిబంధనల ప్రకారం ఆ వయసులోపు ఆటగాడి ఒప్పందం 3 ఏళ్లకు మించకూడదు. ఇంగ్లీషులో ఉన్న ఆ పత్రాన్ని కోచ్ సార్ పేజీ పేజీ తెలుగులో విడమరిచి చెప్పారు. జీతం, బస స్పష్టంగానే ఉన్నాయి గానీ, గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిదో, కోలుకునేదాకా జీతం వస్తుందో లేదో తేలలేదు. అడిగితే అవకాశం చేజారుతుందేమోనని అమ్మ భయపడింది. అడిగాము, వాళ్లు రాసిచ్చారు. చిన్ననాటి అకాడమీలో మన పేరు సక్రమంగా నమోదైందో లేదో కూడా చూసుకోవాలి. ఒప్పందం మధ్యలో ఆటగాడు మరో క్లబ్బుకు బదిలీ అయితే, అందుకు కొత్త క్లబ్బు చెల్లించే రుసుములో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలన్న ఫిఫా నియమం ఆ రికార్డుల మీదే ఆధారపడుతుంది.

మొదటి సీజన్ చాలావరకు రిజర్వు జట్టులోనే గడిచింది. సీనియర్ల సాధనలో దిగినప్పుడు ఆలోచించే వ్యవధి సగమైపోయినట్టు అనిపించేది. చివరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్‌గా పంపినప్పుడు ఆధిక్యం కాపాడటమే నాకు అప్పగించిన పని. ఈ ఏడాది డిఫెన్స్ ముందు నిలబడి ఆటను నడిపే స్థానానికి నన్ను తయారుచేస్తున్నారు. అందుకోసం ఎడమకాలి పాస్ మీద రోజూ విడిగా కసరత్తు చేస్తున్నాను.