యూరప్‌ సరుకు కోసం నేను చేసిన పని

2025 ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకు మీద సుంకం 50 శాతమైంది. అంతకుముందే భీమవరం పక్కన మా చెరువుల మీద రొయ్య రేటు పడిపోయింది. 2024-25లో దేశం రూ.62,408 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే, అందులో మూడో వంతుకు పైగా అమెరికాకే వెళ్లింది. మనకు పోటీ అయిన ఈక్వెడార్‌కేమో అప్పుడు అక్కడ సుంకం 15 శాతమే.

సెప్టెంబరులో యూరప్‌ మన దేశంలోని మరో 102 సముద్ర ఉత్పత్తుల యూనిట్లకు తమ దగ్గరికి ఎగుమతి చేసే అనుమతిచ్చింది. ఆ తర్వాత మా ఏజెంటు వచ్చి, "యూరప్‌ సరుకు అడుగుతున్నారండీ, పీహెచ్‌టీ సర్టిఫికెట్ ఉంటేనే తీసుకుంటారట" అన్నాడు. పట్టుబడికి ముందు రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు ఉన్నాయేమోనని చేసే పరీక్ష అది.

పరీక్ష కంటే కాగితాలే కష్టమయ్యాయి. చెరువును ఎంపెడాలో, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థలో, నమోదు చేయించాలి. నాది కౌలు చెరువు. కౌలు కాగితం రాసిస్తే రేపు చెరువు నాదంటానేమోనని యజమానికి భయం. "అదేం కాదు బాబాయ్, ఎవరు సాగు చేస్తున్నారో చూపించడానికే" అని నచ్చజెప్పి, మా పెద్దవాళ్లను కూర్చోబెట్టి రాయించుకున్నాను. మా వైపు చాలామంది కౌలు రైతులు ఇక్కడే ఆగిపోతున్నారు. కొత్త మార్కెట్లు అంటున్న ప్రభుత్వం ముందు ఈ ముడి విప్పాలి.

మందుల షాపులో కూడా పట్టుబట్టాను. లేబుల్ లేని డబ్బా ఏదీ తీసుకోలేదు, చెరువులో వేసే మంచి బ్యాక్టీరియా మందు ప్రోబయాటిక్‌కు సైతం బ్యాచ్ నంబరుతో బిల్లు అడిగాను. యూరప్‌ 2016 నుంచి మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి రేవులోనే పరీక్షలు పెట్టింది. ఒకరి సరుకులో మందు దొరికితే దెబ్బ అందరికీ.

ల్యాబ్ అబ్బాయి వచ్చి, చెరువు నాలుగు వైపులా వల వేయించి, రొయ్యల్ని సంచిలో వేసి సీలు వేశాడు. చీటీ మీద చెరువు నంబరు రాసి నా సంతకం తీసుకుని, ఐసు పెట్టెలో సర్దుకున్నాడు. రిపోర్టు వచ్చేదాకా ఒకటే టెన్షన్. రోజూ మేత ఖర్చు, పైగా రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం భయం. చివరికి ఏ మందూ లేదని వచ్చింది, సరుకు వెళ్లింది. రేటు గొప్పగా ఏం పెరగలేదు కానీ, కొనేవాడు దొరికాడు.

మీరూ చేయించాలనుకుంటే పట్టుబడి దగ్గరపడేదాకా ఆగకండి. సీడ్ (రొయ్య పిల్లలు) వేసేటప్పుడే నమోదు కాగితాలు, బిల్లులు సిద్ధం చేసుకోండి.