పాలమూరుల గోల్డ్ రష్ చూసొచ్చినం

పాలమూరుల ఒక కాలేజీ హాల్‌ని చిన్న మ్యూజియం లెక్క సర్ది గోల్డ్ రష్ (బంగారం దొరికిందని జనం ఎగబడి పోవుడు) మీద ఎగ్జిబిషన్ పెట్టిన్రని తెలిసి ఆదివారం దేవరకొండల బస్సెక్కినం, నేను, బావ, పిల్లలు. మా మామ కల్వకుర్తిల కలిసిండు. మామ వయసుల ఉన్నప్పుడు గుంపుమేస్త్రీ కింద డ్యాములు, కాలువలు తవ్వుకుంట దేశమంతా తిరిగిండు, పాలమూరు లేబర్ అంటరు గదా, ఆ బాపతు మనిషి.

ముందు కాలిఫోర్నియా. 1848 జనవరి 24న కొలోమా దగ్గర సట్టర్ అనేటాయన రంపం మిల్లు కడుతుంటే జేమ్స్ మార్షల్‌కి కాలువల బంగారం పలుకులు కనిపించినయంట, ఇగ ఏడేండ్లల్ల దాదాపు 3 లక్షల మంది వచ్చి పడ్డరు. పిల్లలకు మాత్రం ఫొటోలు పట్టలే, ఇసుకల ఇత్తడి పొడి కలిపిన రేకు పళ్లెం దగ్గర్నే అతుక్కుపోయిన్రు. నీళ్లల్ల పళ్లెం తిప్పుతుంటే తేలికది కొట్టుకపోతది, బరువుది అడుగున నిలుస్తది, బంగారం నీళ్లకన్న 19 రెట్లు బరువు, ఇత్తడికన్న గూడ బరువే గాబట్టి అసలు పని ఇంకా సులువు కావాలె, కానీ చల్లటి ఏట్ల మోకాళ్ల లోతుల నిలబడి పొద్దంత తిప్పాలె గదా.

మామ ఆ తవ్వేటోళ్ల ఫొటో ముందు శానాసేపు నిలబడి "అల్లుడా, వీళ్ల మేస్త్రీ ఎవరు?" అన్నడు. మొదట్ల ఎవనికి వాడే మామా, తర్వాత కంపెనీలు దిగి కూలోళ్లను చేసినయ్ అన్న. "గట్లనే అయితది" అన్నడు. పక్క బోర్డు మీద సామ్ బ్రానన్ సంగతి ఉంది, ఈయన పారలు పళ్లాలు ముందే కొనిపెట్టుకొని, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్ల బంగారం దొరికిందని అరుసుకుంట తిరిగి కోటీశ్వరుడైండు. బంగారం చూసిన మార్షలేమో 1885ల పైసల్లేక సచ్చిపోయిండు. బయటి దేశపోళ్లు తవ్వాలంటే 1850ల నెలకు 20 డాలర్ల పన్ను! అది చదివి వినిపిస్తే మామ నవ్విండు, "అడ్వాన్స్ ఇయ్యకపోగా ఎదురు పైసలా?"

నాకు కోపమొచ్చింది ఒక్కటే, మన పక్కనున్న రాయచూర్ జిల్లా హట్టి బంగారు గనులకు మూలకు ఒక్క బోర్డు పెట్టిన్రు. రాయచూర్ 1956 దాక మన హైదరాబాద్ రాష్ట్రమే, హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అని 1947ల కంపెనీ పెట్టింది అక్కడి కోసమే. ఆ దిక్కే మస్కి ఉంది, 1915ల బీడన్ అనే గని ఇంజనీర్ బంగారం ఎతుక్కుంట పోతే బండ మీద అశోకుని శాసనం దొరికింది, అంతకుముందు దొరికిన శాసనాలల్ల దేవానాంప్రియ అనే ఉండే, దీంట్లనే అశోక అని పేరు కనిపించింది. కాలిఫోర్నియాకు గోడంత జాగ ఇచ్చి దీనికి జానెడు ఇచ్చుడేంది?

తర్వాత పిల్లలమర్రి పోయినం, 2018ల చెదలు పట్టి సెలైన్ ఎక్కించిన పెద్ద మర్రిచెట్టే గదా, అక్కడి మ్యూజియంల శిల్పాలు చూసి కడుపుల ఆకలైతే బయటికొచ్చినం. బావ అప్పుడే గద్వాల మీదుగ రాయచూర్ రైలు టైంలు ఫోన్ల తీస్తున్నడు, మస్కి పోదామని. మామ మాత్రం ఎండ తగ్గినంకనే వస్తనన్నడు, బండలు చూసుడు ఆయనకు కొత్తగాదంట.