టిన్ విజిల్ సాధన, పద్నాలుగో నెల: ఇంటిల్లిపాదీ ఆల్టన్ కచేరీకి

డబ్లిన్‌లో ఐరిష్ సంగీతపు చిన్న లోహపు పిల్లనగ్రోవి అయిన టిన్ విజిల్ పట్టుకుని ఈ నెలతో పద్నాలుగు నెలలు పూర్తయ్యాయి. మూడు నెలలుగా ఎంత సాధన చేసినా లొంగని ఒక స్లిప్ జిగ్ (ఒక రకం ఐరిష్ నృత్య బాణీ) ఈ నెలలో దారికి వచ్చింది; ఊదేటప్పుడు నాలుకను ఎక్కడ వాడాలో కూడా కొంత తెలిసింది. ఈ రెండూ ఇంట్లో తలుపు వేసుకుని సాధించినవి కావు. ఐరిష్ సంప్రదాయ సంగీత బృందం ఆల్టన్ కచేరీకి కుటుంబంతో వెళ్లిన ఒక్క సాయంత్రంలో అందినవి, అందులోనూ ఒకటి వేదిక మీదివారు కాక, విజయనగరం నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అమ్మ చెప్పినది.

కచేరీకి ముందు నా పరిస్థితి ఎలా ఉందో ముందుగా రాసుకుంటాను. నా విజిల్ డి శ్రుతిలోని ఇత్తడి గొట్టం; ధర పదిహేను యూరోల లోపే. మొదటి నెలలో తొందరపడి సి శ్రుతి విజిల్ కొని, తరగతిలో అందరికంటే ఒక స్వరం కింద మోగుతూ వారమంతా తప్పు నాలోనే ఉందనుకున్న సంగతి ఇంతకుముందే రాశాను. ఆరు రంధ్రాలూ మూస్తే షడ్జమం. ఒక్కొక్క వేలూ కింద నుంచి ఎత్తుకుంటూ పోతే శంకరాభరణం. అదే వేళ్లతో గాలి బలం పెంచితే పై స్థాయి పలుకుతుంది. చిక్కంతా ఆ బలం దగ్గరే ఉంది. పై స్థాయిలో నా విజిల్ కీచుమనేది. మూతి భాగం లోపల, గాలిదారి కింద ఉన్న ఖాళీని గోడకు కాగితాలు అంటించే బ్లూటాక్‌తో నింపిన తరువాత ఆ కీచుదనం చాలావరకు తగ్గింది. చవక విజిళ్లకు ఇది అందరూ చేసే చిట్కాయే కానీ, అరగంట పని అనుకున్నది నాకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది; బ్లూటాక్ కిటికీ (మూతి భాగం పైన గాలి బయటికి వచ్చే కోత) అంచును దాటి ఒక్క వెంట్రుకంత బయటికి వచ్చినా విజిల్ మూగపోతుంది. చలికాలంలో లోపల నీటి తుంపర చేరి గొంతు బొంగురుపోయినప్పుడు ఆ కిటికీని వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే చాలు.

స్లిప్ జిగ్ సంగతి వేరు. మామూలు జిగ్‌లో ఆవర్తానికి ఆరు చిన్న స్వరాలుంటాయి, మూడేసి చొప్పున రెండు గుంపులుగా పడతాయి. మనకు తిస్ర గతి కనుక చెవికి వెంటనే అందుతుంది. స్లిప్ జిగ్‌లో తొమ్మిది ఉంటాయి. వేగం కొలిచే మెట్రోనోమ్‌ను ఒక్కొక్క చిన్న స్వరానికి ఒక్కొక్క టిక్కు చొప్పున పెట్టుకుని, ఒకటి నుంచి తొమ్మిది వరకు మనసులో లెక్కపెట్టుకుంటూ ఊదేవాణ్ని. రెండో భాగం చేరేసరికి ఏడులోనో ఎనిమిదిలోనో ఊపిరి అయిపోయేది. గాలి తీసుకుని మళ్లీ అందుకునేటప్పటికి లెక్క తప్పేది. ఆ ట్యూన్ ఇ మీద నిలిచే డోరియన్ బాణీ, అంటే ఇ ని షడ్జమంగా తీసుకుంటే మన ఖరహరప్రియ స్వరాలే. స్వరాలు నోటికి వచ్చాయి, నడక మాత్రం రాలేదు.

విజిల్ నేర్చుకునేవాడు ఆల్టన్‌నే ఎందుకు ఎంచుకోవాలి అని తరగతిలో ఒకరు అడిగారు. డోనెగల్ కౌంటీలోని ఐరిష్ మాట్లాడే గ్వీడోర్ ప్రాంతానికి చెందిన ఫిడేలు విద్వాంసురాలు, గాయని మరేడ్ నీ వీనీ, బెల్ఫాస్ట్‌కు చెందిన వేణువాద్యకారుడు ఫ్రాంకీ కెన్నెడీ కలిసి 1987లో ఈ బృందాన్ని నిలబెట్టారు. ఆమె పేరును ఐరిష్‌లో రాసి ఉన్నట్టుగా అక్షరం అక్షరం చదివితే ఎవరూ గుర్తుపట్టరు. నేను సగం సంవత్సరం తప్పే పలికాను. కెన్నెడీ 1994లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన వేణువు, విజిల్ ఉన్న తొలి రికార్డింగులే నన్ను ఈ వాయిద్యం వైపు లాగాయి. ఇప్పటి కచేరీలో నేను వినబోయేది ముఖ్యంగా ఫిడేలేనని తెలిసే టిక్కెట్లు కొన్నాను.

ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు. అమ్మ, నా భార్య, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, నేను: ఐదుగురికీ ఒకే వరుసలో సీట్లు కావాలంటే రెండు నెలల ముందే కొనాలి. మేము నడవా పక్క సీట్లు తీసుకున్నాము. బాబుకు మధ్యలో బయటికి వెళ్లాలనిపిస్తే వరుసలోని వారందరినీ లేపనక్కరలేదు, అమ్మ మోకాలు చాపుకోవడానికీ వీలుంటుంది. వాడికి చెవులు కప్పే హెడ్‌ఫోన్లు తీసుకువెళ్లాము. ఇది ఒట్టి వాయిద్యాల సంగీతం కదా అనుకోకూడదు, మైకుల ద్వారా వచ్చే గిటారు, బుజూకీ (పొడవు మెడ తంత్రీవాద్యం) మోత చిన్నపిల్లలకు ఎక్కువే. కారు తీయలేదు. శివారు టాలాలో లువాస్ ట్రామ్ ఎక్కితే నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది, లీప్ ప్రయాణ కార్డు మీద పెద్దలకు 90 నిమిషాల ప్రయాణం 2 యూరోలే. హాలులోకి బయటి తిండి తీసుకురానివ్వరు కనుక బయలుదేరే ముందే పులిహోర తినిపించాము. కచేరీ ఎనిమిదికి, మధ్యలో ఒక విరామం, ముగిసేసరికి పదిన్నర. బాబు చివరి అరగంట నిద్రపోయాడు.

మొదటి రీళ్ల (వేగంగా సాగే నృత్య బాణీల) వరుస మొదలైనప్పుడు నా కళ్లు మరేడ్ కుడిచేతి మీదే ఉన్నాయి. డోనెగల్ బాణీలో కమాను పొట్టిగా, దాదాపు స్వరానికి ఒక్క లాగు చొప్పున పడుతుందని చదివాను. కానీ చదవడం వేరు, మూడో వరుస నుంచి చూడడం వేరు. ఆమె మణికట్టు ఒక్కసారి విదిలించినట్టు కదిలితే ఒకే స్వరం మీద మూడు గింజలు టకటకమని రాలాయి. కమానుతో వేసే ఈ త్రయాన్ని నేను ఇన్నాళ్లూ విజిల్ మీద వేళ్లతో సాధించాలని ప్రయత్నిస్తున్నాను. అది నాలుక పని. మృదంగం సొల్లులా నోట్లోనే ‘తుకుతు’ అనుకుంటే అచ్చంగా ఆ ధ్వనే వస్తుంది. అన్ని స్వరాలనూ నూనె పోసినట్టు కలిపేస్తూ వాయిస్తున్నానని మా గురువు మూడుసార్లు చెప్పారు. అప్పుడు అది మెచ్చుకోలేమో అనుకున్నాను.

ఒక రీలు ముగిసి, ఆగకుండానే మరో శ్రుతిలోని రీలులోకి దూకినప్పుడు హాలంతా ఒక్కసారిగా కేక పెట్టింది. ఎందుకు అరిచారని బాబు అడిగాడు. రాగమాలికలో రాగం మారినప్పుడు తెలిసినవారు తల ఊపుతారు కదా, వీళ్లు నోరు తెరిచి చెబుతారు అని అమ్మ వాడికి నాకంటే ముందే చెప్పింది.

తరువాత మరేడ్ ఐరిష్‌లో ఒక పాట అందుకుంది. తాళం లేదు, వాయిద్యాలు దాదాపు లేవు. మాట ఎంతసేపు నిలవాలంటే అంతసేపు నిలిపి పాడే ఈ పద్ధతిని షాన్ నోస్, అంటే పాత తీరు, అంటారు. నాటకాల్లో పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియం కూడా వెనక్కి తగ్గే నిశ్శబ్దం గుర్తుకు వచ్చింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, ఎందుకో తెచ్చుకున్న నా విజిల్ కోటు జేబులోంచి జారి చెక్క నేల మీద పడి, ముందు వరుస కింద వరకు మోగుతూ దొర్లింది. ముప్పై సెంటీమీటర్ల ఇత్తడి గొట్టం అంత గట్టిగా మోగగలదని నాకు తెలియదు. విరామంలో ముందు సీటాయన దాన్ని తీసి ఇస్తూ శ్రుతి బాగానే ఉంది అన్నారు. విజిల్‌ను కచేరీలకు తీసుకువెళ్లకూడదు, తీసుకువెళ్లినా గుడ్డ సంచిలో పెట్టుకోవాలి.

స్లిప్ జిగ్ రెండో సగంలో వచ్చింది. నేను అలవాటు ప్రకారం తొమ్మిది లెక్కపెడుతూ ఐదు దగ్గరే తప్పాను. పక్కన అమ్మ చెయ్యి కదులుతూ ఉంది. చిన్నప్పుడు విజయనగరంలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్న మనిషి. నలభై ఏళ్లుగా కమాను ముట్టలేదు, తాళం మాత్రం చేతిని వదలలేదు. రెండు దెబ్బలు వేసి మూడోసారి అరచెయ్యి తిప్పుతోంది: రూపకం, తిస్ర గతిలో. ఒక్క ఆవర్తం కూడా జారలేదు. పాట అయ్యాక నా వేళ్ల వైపు చూసి, “తొమ్మిదీ ఎందుకు లెక్కపెడతావురా, మూడే వెయ్యి” అంది.

ఆ మాట ప్రకారం మరుసటి రోజు నుంచి మెట్రోనోమ్‌ను మార్చాను. టిక్కు ఒక్కొక్క చిన్న స్వరానికి కాక, మూడేసి స్వరాలకు ఒకటి. మొదటి వారం నిమిషానికి 66 టిక్కులతో, మూడో వారానికి 84తో తప్పులేకుండా వచ్చింది. నృత్యానికి తగ్గ వేగం ఇంకా చాలా దూరంలో ఉంది. ఊపిరి చిక్కు కూడా దీనితోనే సగం విడిపోయింది. ఫిడేలుకు ఊపిరి అక్కరలేదు, విజిల్‌కు కావాలి; కనుక ఎక్కడో ఒక స్వరాన్ని వదిలిపెట్టి గాలి తీసుకోవాలి. మూడు దెబ్బల లెక్క చేతిలో ఉంటే, దెబ్బ మీద పడే స్వరాన్ని కాక దాని తరువాతి బలహీనమైన స్వరాన్ని వదలవచ్చు. వినేవారికి నడక చెడదు. రెండో భాగంలో అటువంటి చోట్లు నాలుగు వెతికి, కాగితం మీద పెన్సిలుతో కామాలు పెట్టుకున్నాను. నాలుక త్రయానికి రోజుకు పది నిమిషాలు: ముందు విజిల్ లేకుండా నోటితో, తరువాత ఒక్క బి స్వరం మీద, ఆ తరువాతే ట్యూన్‌లో. ఇప్పటికి ఐదుసార్లలో మూడుసార్లు శుభ్రంగా పడుతోంది. అలాగని ప్రతి ఆవర్తంలోనూ వేస్తే విసుగు పుడుతుంది. ఒక భాగానికి ఒకటి చాలునని ప్రస్తుతానికి నా లెక్క.

ఇక లొంగనిది సి సహజ స్వరం, డి ని షడ్జమంగా తీసుకుంటే కైశికి నిషాదం. మూతి వైపు నుంచి రెండో, మూడో రంధ్రాలు మూసి మొదటిది తెరిచి ఉంచే పట్టులో అది నా విజిల్ మీద కొంచెం ఎక్కువ శ్రుతిలో పలుకుతోంది; మొదటి రంధ్రాన్ని సగం మూసి చూస్తే శ్రుతి కుదురుతుంది కానీ, వేగంలో వేలు అక్కడికి సమయానికి చేరదు. వచ్చే నెల సాధన దాని మీదే. పాప తన స్కూలు ఫిడేలు మీద ఆ స్లిప్ జిగ్ మొదటి భాగం మొదలుపెట్టింది. వంటింట్లో కుర్చీలో కూర్చుని అమ్మ మా ఇద్దరికీ తాళం వేస్తోంది, నేను పరుగెత్తినప్పుడల్లా చెయ్యి ఆపేస్తోంది.