మేనల్లుడి విమానంలో క్యాన్ బస్ వైరింగు

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు రెండు సీట్ల ఆర్‌వీ-14 విమానాన్ని తన గ్యారేజీలో సొంతంగా కట్టుకుంటున్నాడు. నేను నౌకాదళంలో విమానాల ఎలక్ట్రానిక్స్ పని చేసి, పదవీ విరమణ తరువాత విజయనగరంలో స్థిరపడినవాడిని గనుక, వైరింగు దగ్గరకు వచ్చేసరికి "మావయ్యా, బొమ్మ నువ్వే గీసి పెట్టాలి" అని ఆ భారం నా మీద వేశాడు. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని మా ఊళ్లో ఎవరిని కదిపినా విమానాల ముచ్చటే గాని, వాటి కడుపులోని తీగల సంగతి అడిగేవారు లేరు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

విమానంలోని పరికరాలు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతుల్లో నాకు బాగా అలవాటైనది 1977లో వచ్చిన ఆరింక్ 429. అందులో ఒక జంట తీగల మీద పంపే పరికరం ఒక్కటే ఉంటుంది, వినేవి ఇరవై వరకు ఉండవచ్చు. జవాబు రావాలంటే ఇంకొక జంట లాగాలి. అర్థం చేసుకోవడం తేలిక, మోయడం బరువు. కార్ల కోసం బాష్ సంస్థ రూపొందించి 1986లో బయటపెట్టిన క్యాన్ బస్‌లో, మావాడి విమానంలో ఉన్నది అదే, మాత్రం డిస్‌ప్లే, ఇంజన్ సెన్సర్ల పెట్టె, ఆటోపైలట్ సర్వోలు (విమానాన్ని తిప్పే మోటార్లు) అన్నీ ఒకే జంట మీద ఉంటాయి, అన్నీ మాట్లాడతాయి, అన్నీ వింటాయి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఎవరు ఆగాలో తీగ మీదనే తేలిపోతుంది: ప్రతి సందేశం తన గుర్తింపు సంఖ్యతో మొదలవుతుంది, సున్నా బిట్ ఒకటిని అణచివేస్తుంది గనుక చిన్న సంఖ్య గల సందేశం ముందుకు సాగుతుంది, మిగిలినది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ తీర్పు ఒక్క బిట్ కాలంలోనే జరగాలి. సెకనుకు పది లక్షల బిట్ల వేగంలో ఆ కాలం ఒక మైక్రోసెకను మాత్రమే గనుక, ఆ వేగానికి బస్ పొడవు సుమారు 40 మీటర్లు దాటకూడదంటారు. చిన్న విమానంలో ఆ హద్దు దరిదాపులకైనా వెళ్లము.

అసలు చిక్కు పొడవుతో కాదు, ఆకారంతో వస్తుంది. మావాడు మొదట పంపిన బొమ్మలో ప్యానెల్ వెనుక ఒకచోట తీగలన్నీ ముడివేసి, అక్కడి నుంచి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క పాయ లాగాడు. చూడడానికి చక్కగానే ఉంది గాని, బస్ అనేది రెండు కొసలు గల ఒకే మార్గంగా ఉండాలి. బొబ్బిలి దగ్గర ప్రధాన మార్గం నుంచి సాలూరుకు చీలిన రైలు మార్గం వంటి పాయ ప్రతిదీ తన కొస నుంచి సంకేతాన్ని వెనక్కి తిప్పి కొడుతుంది, ఆ ప్రతిఫలనం తరువాతి బిట్ మీద పడుతుంది. పది లక్షల బిట్ల వేగంలో పాయ 30 సెంటీమీటర్లు మించకూడదన్నది ప్రమాణం. కాబట్టి పరికరాల వరుసను వాటి ముఖ్యతను బట్టి కాక అవి విమానంలో ఉన్న చోటును బట్టి నిర్ణయించాను: తోక వైపున్న పిచ్ సర్వో ఒక కొస, అక్కడి నుంచి ప్యానెల్, ఇంజన్ పెట్టె, చివరకు రెక్కలోని రోల్ సర్వో రెండవ కొస. ప్రతి కనెక్టర్‌లోకీ ఒక జంట వస్తుంది, ఒక జంట పోతుంది.

బస్ కొసల్లో కూడా సంకేతం అలా వెనక్కి తిరగకుండా రెండింటిలోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు. పవర్ తీసివేసి, జంటలోని హై, లో అనే రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస అందలేదని, 40 వస్తే మూడవ రెసిస్టర్ ఎక్కడో దూరిందని, సున్నాకు దగ్గరగా వస్తే తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. ఇంట్లో బల్ల మీద చవక క్యాన్ బోర్డులు మూడు కలిపి ఇదే వరుసను కట్టి చూశాను. మూడింటిలోనూ జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న ముక్క) పెట్టిన రెసిస్టర్ ముందే ఉంటుంది గనుక మీటరు 40 చూపింది, మధ్య బోర్డు జంపర్ తీయగానే 60కి వచ్చింది. విమాన పరికరాలు కొన్నింటిలోనూ ఆ రెసిస్టర్ లోపలే ఉండి, కనెక్టర్‌లో రెండు పిన్నులు కలిపితే పనిలోకి వస్తుంది.

అయితే 60 చూసి సంబరపడిపోయేవారిని చూస్తే నాకు భయం. ఒక పరికరం దగ్గర హై, లో తారుమారైనా మీటరు 60 అనే అంటుంది, పాయ పొడవు ఎక్కువైనా 60 అనే అంటుంది. అందుచేత ఒక్కొక్క పిన్నును కొస నుంచి కొసకు బజర్‌తో సరిచూడక తప్పదు.

తీగ విషయంలో బేరానికి పోవద్దన్నాను. కార్ల పీవీసీ తీగ కాలితే ఊపిరాడనివ్వని పొగ వస్తుంది, ఆ ఇరుకు క్యాబిన్‌లో అది కూడదు. 150 డిగ్రీలకు తట్టుకునే టెఫ్‌జెల్ తొడుగు గల, షీల్డు (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు అల్లిక) ఉన్న మెలితిప్పిన జంటే కొన్నాడు. 22 గేజి తీగలో పందొమ్మిది సన్నని పోగులుంటాయి. తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగు తెగినా ఆ ముక్క కత్తిరించి మళ్లీ ఒలవాలి. పిన్ను గొట్టానికి పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. క్రింప్ చేసే (పనిముట్టుతో నొక్కి బిగించే) ముందు అందులోంచి రాగి పోగులు కనబడకపోతే తీగ అడుగు దాకా వెళ్లలేదన్నమాట. వాడు వీడియో కాల్‌లో ఆ రంధ్రాన్ని ఫోనుకు దగ్గరగా పెట్టి "కనబడుతోందా మావయ్యా" అంటాడు, నేను కళ్లజోడు సర్దుకుని "ఇంకొంచెం వెలుతురు పెట్టరా" అంటాను. షీల్డుల సంగతి తయారీదారు మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. షీల్డు కొస నుంచి తీసే తోక తీగ మాత్రం వీలైనంత పొట్టిగా ఉండాలి.

ఇక మిగిలినది రెక్క మొదట్లో పెట్టిన కనెక్టర్. బస్ కొస రెక్కలో ఉంది గనుక, రెక్క విప్పి ఉన్నంతకాలం ఆ కొసలోని రెసిస్టర్ కూడా బస్ నుంచి విడిపోయి ఉంటుంది. అప్పుడు ప్యానెల్ పరీక్షించబోతే సందేశాలు చెడిపోయి, ఏ పరికరమో పాడైందని పొరబడే ప్రమాదముంది. అందుకని అదే కనెక్టర్‌కు సరిపోయే ప్లగ్గులో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కట్టి, ఎర్రటి పట్టీ తగిలించి, "రెక్క బిగించేముందు తీయాలి" అని దాని మీద రాసిపెట్టమన్నాను.