రేబర్న్ ఊరికి నాన్నగారితో

ఆఫీసుకు నేను రోజూ వెళ్లే టోల్ రోడ్డు పేరు శామ్ రేబర్న్. టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి తొమ్మిదేళ్లయినా, నెలనెలా బిల్లు కట్టడమే తప్ప ఆయనెవరో ఆరా తీయలేదు. గుంటూరు నుంచి వచ్చిన నాన్నగారు మూడో రోజే బోర్డు చూసి "ఎవర్రా ఈయన?" అన్నారు. నీళ్లు నమిలాను. ఆ శనివారం అదే రోడ్డు (నంబరు 121) పట్టుకుని, గంటకు పైగా ప్రయాణం చేసి రేబర్న్ గారి ఊరు బోన్‌హామ్ చేరాం. ఆయన అమెరికా పార్లమెంటు దిగువ సభకు, అంటే ప్రతినిధుల సభకు, స్పీకర్‌గా చేసిన డెమోక్రాట్ నాయకుడు.

1916లో కట్టించిన తెల్లటి రెండంతస్తుల ఇల్లు. రైతు ఇల్లే, ఆర్భాటం లేదు. రేబర్న్ 1927లో చేసుకున్న పెళ్లి మూడు నెలలు కూడా నిలవలేదు. ఆ తర్వాత ఇల్లు చూసుకున్నది అక్క లూసిండా. షెడ్డులో 1947 నాటి క్యాడిలాక్ ఉంది. పార్టీ ఓడి స్పీకర్ పదవితో పాటు సర్కారు కారూ పోతే, తోటి డెమోక్రాట్లు చందాలు వేసుకుని కొనిచ్చారట.

1912 నుంచి 1960 దాకా వరసగా 25 ఎన్నికలు గెలిచారు. మొత్తం 17 ఏళ్లు స్పీకర్. అక్కడి స్పీకర్ మన స్పీకర్‌లా పార్టీకి ఎడంగా ఉండడు. మెజారిటీ పార్టీని నడిపేది ఆయనే. ఆయన స్పీకర్‌గా ఉండగానే, 1941 ఆగస్టులో సైనికుల సేవాకాలం పొడిగించే బిల్లు 203-202తో, ఒక్క ఓటుతో గట్టెక్కింది. నాలుగు నెలలు తిరక్కుండానే పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి.

నాన్నగారికి ఇవేవీ పట్టలేదు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. 1936 నాటి గ్రామీణ విద్యుదీకరణ చట్టాన్ని దిగువ సభలో నడిపించింది రేబర్నేనని గైడు చెప్పగానే చెవులు రిక్కించారు. అప్పటికి పదింట తొమ్మిది పొలం ఇళ్లకు కరెంటే లేదంటే "అమెరికాలోనా!" అని రెండుసార్లు అడిగారు. గిట్టుబాటు కాదని కంపెనీలు తీగ లాగనంటే, రైతులే సహకార సంఘాలు పెట్టుకుని సర్కారు అప్పుతో స్తంభాలు పాతుకున్నారు. "మన సిరిసిల్ల సంఘం ఇలాంటిదే, 1970లో పెట్టారు" అన్నారు నాన్నగారు. మా ఊళ్లో మొదటి బల్బు వెలిగిన సాయంత్రం నాయనమ్మ దానికి దణ్ణం పెట్టిందనీ, చాలా ఏళ్లు ఆ అలవాటు మానలేదనీ చెప్పారు. ఈ కథ నేనెప్పుడూ వినలేదు.

ఊళ్లోని పాలరాతి గ్రంథాలయంలో వాషింగ్టన్‌లోని ఆయన ఆఫీసు గదికి అచ్చమైన నకలు ఉంది. నాకు మాత్రం ఆయన జీవితంలో ఒక మెలిక ఆసక్తిగా తోచింది. నల్లవారి హక్కులకు ఏళ్ల తరబడి అడ్డుపడిన దక్షిణాది నాయకుల్లో ఒకరై ఉండి, 1957లో పౌరహక్కుల బిల్లు సభ దాటడానికి తోడ్పడ్డారు. ముందు చేసింది అంతమాత్రాన చెరిగిపోదు.

1961 నవంబరులో ఆయన పోయినప్పుడు అధ్యక్షుడు కెన్నెడీ, మాజీ అధ్యక్షులు ట్రూమన్, ఐసెన్‌హోవర్, ఉపాధ్యక్షుడు జాన్సన్ నలుగురూ ఈ చిన్న ఊరికి వచ్చారు. విల్లో వైల్డ్ శ్మశానంలో సమాధి చూసి వెనుదిరిగాం.

దారి పొడవునా నాన్నగారు కిటికీలోంచి స్తంభాలే చూస్తున్నారు. ట్రెంటన్ దగ్గర కారు ఆపమన్నారు. దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి అన్నారు: "ఈ తీగ బాగా కిందికి జారింది. వీళ్ల సంఘానికి ఫోను చెయ్యి."