జెడ్‌బీ 26 పక్కన బ్రెన్: ఆరో వంతు నమూనాల పని ఎంతవరకు వచ్చింది

రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో లైట్ మెషిన్ గన్ ఎలా మారిందో చూపడానికి రెండు నమూనాలను పక్కపక్కనే తయారు చేస్తున్నాను. ఒకటి చెకోస్లొవేకియాలోని బ్ర్నోలో వాట్స్లావ్ హోలెక్ రూపొందించిన జెడ్‌బీ 26; రెండోది దాని సంతతికే చెంది, 1937లో ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో తయారీ మొదలైన బ్రెన్. ఆరో వంతు కొలతలో ఒక్కొక్కటి సుమారు 19 సెంటీమీటర్ల పొడవు వస్తుంది.

జెడ్‌బీ బ్యారెల్ పూర్తయింది. వేడి త్వరగా పోవడానికి దాని చుట్టూ వరుసగా సన్నని వలయాలుంటాయి. 28 గేజీ రాగి తీగనూ అంతే మందమున్న దారాన్నీ జంటగా పట్టుకుని 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీకి బిగువుగా చుట్టి, తీగ కొసలను మాత్రం జిగురు చుక్కతో అంటించి, ఆరాక దారాన్ని విప్పేస్తే, చుట్టుకూ చుట్టుకూ మధ్య సమానమైన సందు మిగులుతుంది. పల్చటి జిగురును సూది మొనతో సందుల్లోకి పారించవలసింది ఆ తరువాతే. దారం ఉండగా పోస్తే రెండూ కరుచుకుపోతాయి. అసలు వలయాలు దేనికదే విడిగా ఉంటాయి గాని, ఈ కొలతలో చుట్ల వాలు కంటికి ఆనదు.

బ్రెన్ బ్యారెల్ నునుపైనది కనుక శ్రమ లేదు. అసలు తేడా దాని కింద ఉన్న గ్యాస్ గొట్టంలో ఉంది. పేలిన మందు వాయువులో కొంత బ్యారెల్ రంధ్రం గుండా ఈ గొట్టంలోకి దిగి పిస్టన్‌ను వెనక్కు నెడుతుంది. జెడ్‌బీలో ఆ రంధ్రం మూతికి దగ్గరగా ఉండేది. బ్రిటిష్ వారి కార్డైట్ మందు మసి ఎక్కువగా పట్టించడంతో దానిని వెనక్కు జరిపారు. అందువల్ల బ్రెన్‌కు గొట్టాన్ని పొట్టిగా కోశాను.

మ్యాగజైన్ సంగతీ అంతే. 7.92 మిల్లీమీటర్ల జర్మన్ తూటాకు 20 పట్టే తిన్నని పెట్టె సరిపోయింది, బ్రిటిష్ 0.303 అంగుళాల తూటాకు అడుగున అంచు పొడుచుకు వస్తుంది కనుక, పేర్చినకొద్దీ వరుస వంగి, 30 తూటాల పెట్టె కొడవలి వంపు తిరిగింది. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ రేకులో వంపు చెంపలు కోసి, నడుమ పొరలు అతికించాను. పెట్టె పైన ఉండి చూపుకు అడ్డం వస్తుంది గనుక రెండింటికీ గురి చూసే భాగాలు ఎడమ పక్కకు జరిగి ఉంటాయి. వాటిని ఇంకా అమర్చలేదు.

నల్ల మ్యాట్ రంగు మీద పెన్సిలు ములుకు పొడిని దూదితో రుద్దితే ఉక్కు మెరుపు వస్తుంది. తరువాతి వంతు 1933లో భారత సైన్యం ఎంచుకోగా ఈశాపూర్‌లో తయారైన వికర్స్-బెర్తియర్ అనే లైట్ మెషిన్ గన్‌ది.